చెప్పులో ఈగ

కొరియర్ అబ్బాయి బండి ఆపడు. ఒక కాలు నేలకు ఆనించి, డబ్బా నీ చేతిలో పెట్టి, ఫోను ముందుకు చాపుతాడు. "జర వేలితోని సంతకం పెట్టన్నా. ఇంకా ముప్పై ఇండ్లు తిరగాలె."

డబ్బా వేడిగా ఉంది. ఎండలో నిలబెట్టిన బండి సీటులా అరచేతికి చురుక్కుమంటోంది.

సిరిసిల్ల, బి.వై.నగర్. మే నెల. పొద్దున పదకొండు కాలేదు, గల్లీలో కుక్కలు అప్పుడే మోరీ పక్కన తడి వెతుక్కుని పడుకున్నాయి. రెండు వైపులా షెడ్లలో మరమగ్గాల సాంచాలు ఆడుతున్నాయి. ఇక్కడ పుట్టినవాళ్లకు ఆ చప్పుడు వినిపించదు. ఆగితేనే వినిపిస్తుంది.

"ఏమొచ్చింది కొడుకా?" కండెలు సర్దుతూ లోపల్నుంచి అమ్మ.

"చెట్టే."

"మల్లొకటా?"

నువ్వు పలకవు. దారం తెంపే కత్తెరతో టేపు కోస్తావు. అది చెప్పుల డబ్బా. పంపినవాడు సరసానికి చేశాడో, చేతికి అందింది వాడాడో తెలీదు. మూత తీయగానే ముందు వాసన వస్తుంది. తడి మట్టి, కుళ్లిన ఆకు, కొంచెం పొగ. నీకు తెలిసిన ఏ నర్సరీ కుండీకీ ఈ వాసన లేదు.

పైన చుట్టిన పేపరు తీస్తావు. తడిసి ఆరి గట్టిపడింది. అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి, కానీ చదవలేవు. మలయాళం. అమ్మినవాడు కేరళ మాటే ఎత్తలేదు కదా.

దాని కింద మొక్క. బెల్టుల్లాంటి దళసరి ఆకులు, మచ్చ లేని ఆకుపచ్చ. నాలుగు మొలకలు ఒకదానికొకటి కొంచెం దూరంగా, నేలలో పాకే దుంపవేరు మీద వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక మొలక నడుమ పువ్వు రాలిన కాడ. ఆ కాడ కొసన చిటికెన వేలంత పచ్చటి కాయ.

పువ్వు లేదు. ఫోను తీసి ఫోటో మళ్లీ చూస్తావు. ఆరువేల ఐదొందలు ఈ ఫోటోకే కట్టావు.

పసుపు పువ్వు. పైన గొడుగులా ఒక రేక, పక్కలకు రెండు రేకలు. ప్రతి రేక నడుమా నిలువునా ముదురు గోధుమ గీత. పడుగులో ఒక రంగు దారం తెలిసి వేసినంత తిన్నగా ఉంది. ముందు వైపున ఇంకో రేక సంచీలా ముడుచుకుని, చిన్నపిల్ల చెప్పు మునివేళ్ల భాగంలా ఉబ్బి ఉంది. మైనం పూసినట్టు మెరుపు. మల్లె ఒక్క రాత్రికి వాడుతుంది. ఈ జాతి పువ్వు చాలాసార్లు నెల దాటినా కాడ మీద అలాగే నిలబడుతుంది, ఎవరో వస్తారని ఎదురు చూస్తున్నట్టు.

దీని పేరు పాఫియోపెడిలమ్ డ్రూరీ. సేకరించేవాళ్లు ముద్దుగా "పాఫ్" అంటారు. సైప్రస్ దీవిలో ప్రేమదేవత గుడి ఉన్న పాఫోస్ ఊరి పేరు, గ్రీకులో చెప్పుకు ఉన్న మాట, రెండూ కలిపి 1886లో ఒక జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు. దేవత చెప్పు. నీ కూలర్ ముందు బల్ల మీద ఇప్పటికే పదకొండు చెప్పులున్నాయి, అన్నీ నర్సరీలో గింజనుంచి పెంచిన సంకరాలు. ఎవరింట్లోనైనా ఉండేవే. ఇది అట్లా కాదు. దక్షిణ భారతం మొత్తానికి సొంతంగా ఉన్న చెప్పుపువ్వు ఇదొక్కటే. దీని చుట్టాలందరూ ఈశాన్య కొండల్లో, ఆపైన చైనా, వియత్నాం, బోర్నియోల్లో ఉన్నారు.

నీ గుండె కొట్టుకుంటోంది. ఆ సంగతి నీకు బాగా తెలుసు, ఎవరికీ చెప్పవు.

వాట్సాప్‌లో అమ్మినవాడి మాటలు పైకి జరుపుతావు. "ల్యాబు మొక్క సార్, సొంత నర్సరీ" అని మొదటి రోజు. నాలుగు రోజుల తరువాత, ధర తెగాక, ఒకే ముక్క: "ఫ్రెష్ జంగిల్ క్లంప్." ఆ మాట నువ్వు ఆ రోజే చదివావు. చదవనట్టు బొటనవేలితో కిందికి తోశావు.

అప్పుడు కరెంటు పోతుంది.

గల్లీ గల్లీ అంతా ఒక్కసారి మూగబోతుంది. సాంచాలు ఆగిన నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంటుంది. కూలరు రెక్క నాలుగు చుట్లు తిరిగి ఆగుతుంది. రేకుల కప్పు కింద వేడి నెమ్మదిగా దిగుతోంది, మెడ మీద చెయ్యి వేసినట్టు. ఆకు పట్టుకుని చూస్తావు. నిన్న మొన్నటి వరకు గట్టిగా ఉండాల్సిన ఆకు మెత్తబడింది. వంచితే వంగుతోంది.

మిగతా ఆర్కిడ్లలో చాలావాటికి అడుగున ఉల్లిగడ్డలాంటి ఉబ్బు ఉంటుంది, నీళ్లు దాచుకునే కుండ. చెప్పుపూల మొక్కకు ఆ కుండ లేదు. ఉన్న నీళ్లన్నీ ఆకుల్లో, వేర్లలో. అవి అయిపోతే అంతే.

కోరుట్ల సారుకు ఫోన్ చేస్తావు. రిటైరైన సైన్సు టీచరు, ఈ పిచ్చిలో నీకు గురువు.

"నీళ్లు పోస్తున్నవా?" మొదటి మాటే అది.

"పొయ్యలె సార్."

"పొయ్యకు. ఉడుకుతది. వేర్లకు తడి గుడ్డ చుట్టు, ఆకులకు వద్దు. అదే డబ్బాల పెట్టుకొని బస్సెక్కు. కాయ తెంపకు. ఇన్నవా? కాయ మాత్రం తెంపకు."

*

బస్సు కిటికీ పక్క సీటు దొరికింది, ఎండ వైపు. దొరకడమే ఎక్కువ. వేములవాడ దాకా రాజన్న దర్శనానికి పోయే జనం, తలనీలాలు ఇవ్వబోయే పసిపిల్లల ఏడుపు. అక్కడ సగం బస్సు ఖాళీ అయి, మళ్లీ నిండుతుంది. ఒక పెద్దమ్మ నీ పక్కన కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, నీ ఒళ్లో డబ్బా చూస్తుంది.

"కొత్త చెప్పులా బిడ్డా?"

"ఆఁ... అసొంటియే."

రుద్రంగి వైపు రోడ్డు ఎక్కాక గాలి మారుతుంది. కిటికీలోంచి వచ్చేది గాలి కాదు, పొయ్యి సెగ. చెరువులు అడుగు కనిపిస్తున్నాయి. నీ చొక్కా వీపుకు అంటుకుంది. డబ్బా మూత మీద అరచెయ్యి పెట్టి ఎండ తగలకుండా అడ్డం పెడతావు.

ఇప్పుడు ఒకటి తేల్చుకోవాలి. మూత తెరవాలా, మూసి ఉంచాలా?

మూస్తే లోపల తడి ఆవిరవుతుంది. మొలకల నడిబొడ్డున నీటి చుక్క నిలిచి ఉడికితే రేపటికి నల్లబడి కుళ్లుతుంది. తెరిస్తే వడగాలి పావుగంటలో పీల్చేస్తుంది. రెండింట్లోనూ చావే, వేగంలోనే తేడా.

రెండు వేళ్లంత తెరుస్తావు. కిటికీకి వీపు తిప్పుతావు. పెద్దమ్మ నీకేసి అనుమానంగా చూస్తోంది. చూడనీ.

ఆ సందులోంచి కాయ కనిపిస్తోంది. పచ్చగానే ఉంది. అందులో ఏముందో నీకు తెలుసు. వేల గింజలు, పిండిలా సన్నం. ప్రతి గింజా ఒట్టి చేతులతో పుడుతుంది. వరి గింజకు, కందిగింజకు తల్లి కట్టించి ఇచ్చే సద్దిమూట ఉంటుంది, దీనికి లేదు. నేలలో సరైన బూజు తగిలి తిండి పెడితేనే మొలుస్తుంది. వేలల్లో ఒకటి మొలవడం గొప్ప. మొలిచినది పువ్వు తొడగడానికి నాలుగైదేళ్లు, కొన్ని జాతుల్లో పదేళ్లు కూడా దాటుతుంది. కాయ ఎండి పగిలిందా, ఆ వేల గింజలూ ఈ బస్సు నేల మీది దుమ్ములో దుమ్ము.

కథలాపూర్ దాటింది. ఆకు ఇంకొంచెం వాలింది.

*

సారు ఇంటి వెనక మామిడిచెట్టు. దాని కింద అడుగు పెట్టగానే పది మెట్లు దిగినంత చల్లన. పైన కొమ్మ మీద తెల్లటి తాళ్లలాంటి వేర్లు చుట్టుకుని ఒక మొక్క కూర్చుంది. దానికి పూలున్నాయి. పచ్చటి పసుపు మీద గోధుమ గళ్లు, కింద ఊదారంగు నాలుక. మనవాళ్లు బదనిక అంటారు. చెట్టు మీద పెరిగేదాన్నల్లా బదనిక అనేయడం మనకు అలవాటు. చెట్టు రసం పీల్చే అసలు బదనికా అదే, పక్షి కూర్చున్నట్టు ఊరికే కూర్చునే ఈ ఆర్కిడ్డూ అదే. పాపం దీనికి లేనిపోని నింద. 1795లో దీనికి మొదట శాస్త్రీయంగా పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో కూర్చుని, ఇక్కడి చిత్రకారుల చేత కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు గీయించిన డాక్టరు. ఇప్పుడు దీని పేరు వాండా టెసలేటా. మన మామిడితోటల్లో ఫ్రీగా వేలాడుతుంది కాబట్టి ఎవరూ ఆరువేలు పెట్టరు.

నువ్వు కూడా పెట్టవు. ఎన్నిసార్లు ఈ చెట్టు కిందికి వచ్చావు, తలెత్తి చూశావా?

"తే," అంటాడు సారు. లుంగీ, బనీను, మెడలో తాడుకు భూతద్దం.

వరండాలో కూలరు, దాని ముందు తడి గోనెసంచి, సంచి వెనక కుండీలు. మూలన నీలం డ్రమ్ములో నిరుటి వాన నీళ్లు. బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుని వేరు కొసలు మాడతాయని సారు నీకు మొదటి రోజే చెప్పాడు.

సారు మొక్కను పేపరు మీద పరుస్తాడు. మాట లేదు. భూతద్దం ఆకు మీద జరుగుతోంది. నువ్వూ తల వంచి చూస్తావు.

పాత ఆకు వెనక బూడిదరంగు మచ్చ. అది తెగులు కాదు, రాతి మీద పెరిగే పాచిపొర. ఏళ్ల తరబడి మంచు, గాలి తగిలితేనే పట్టేది. ఇంకో ఆకుకు అంచున అర్ధచంద్రాకారపు కోత, ఏదో పురుగు తిని వదిలింది, గాయం ఎప్పుడో మానింది. వేర్లు గోధుమరంగు నూగుతో ఉన్నాయి, కానీ కుండీలో పెరిగినట్టు గుండ్రంగా చుట్టుకోలేదు. ఒకే వైపుకు, పలకలా చదునుగా పరుచుకున్నాయి. రాతి సందులో దారి వెతుక్కున్న వేర్లు.

చివరికి దుంపవేరు కొస. సారు గోటితో మట్టి గీకుతాడు. తెల్లటి కోత. కత్తి ముద్ర ఇంకా పదునుగా ఉంది.

"ఇటు నాలుగు మొలకలు నీకొచ్చినయ్," అంటాడు. "అటు ఎన్ని పోయినయో, ఎవనికి పోయినయో."

నీ నోరు ఎండిపోయింది.

ఎక్కడిది ఇది? కళ్లు మూసుకో. నువ్వు ఇప్పుడు అగస్త్యమల కొండల్లో ఉన్నావు. కేరళ, తమిళనాడు నడుమ 1400 మీటర్ల పైన. గాలి నీ చొక్కాను వెనక్కి లాగుతోంది. కాళ్ల కింద నల్లరాయి, రాతి పగుళ్లలో గరుకు గడ్డి. మంచు వచ్చి కమ్ముతుంది, పోతుంది, ఎండ కాస్తుంది. ఆ గడ్డి నడుమ ఈ మొక్క పాకుతూ పోతుంది, వేలెడు వేలెడు జాగాలో ఒక మొలక. 1865లో కల్నల్ హీబర్ డ్రూరీ అనే ఇంగ్లిషు అధికారి తిరువాన్కూర్ కొండల్లో దీన్ని చూశాడు. పేరు ఆయనకు మిగిలింది. మొక్కకు కష్టాలు మిగిలాయి. దేశదేశాల సేకర్తలకు, నర్సరీలకు బస్తాల్లో తవ్వి పంపారు. చివరికి కొండ మీద వెతికినా దొరకని స్థితి. ఇప్పుడు ప్రపంచ సంస్థల జాబితాలో ఇది అంతరించడానికి ఒక్క మెట్టు ముందున్న మొక్క. తిరువనంతపురం దగ్గర పాలోడులో ఉన్న వృక్షోద్యానంవాళ్లు గింజలను సీసాల్లో మొలిపించి, పిల్లమొక్కలను మళ్లీ కొండకు చేర్చారు. అట్లా చేర్చిన వాటినీ తవ్వుకుపోయేవాళ్లుంటే?

ఈ నాలుగు మొలకలు దేని పిల్లలో? కొండ పిల్లలో, సీసా పిల్లలో?

"కాయ సంగతి?" అడుగుతావు.

సారు మొహం మొదటిసారి కొంచెం వెలుగుతుంది. "ఈగ పని," అంటాడు. "తవ్వినోనికి కాయ అక్కర్లేదు. పువ్వు ఫోటో కావాలె. ఈ కాయ కొండ మీదనే పట్టింది."

ఆ ఈగ ఏం చేసి ఉంటుందో ఈ జాతి పూల తీరు తెలిసినవాళ్లు ఊహించగలరు. నువ్వే ఆ ఈగవు అనుకో.

చారల ఈగ, గాల్లో ఒకచోట నిలబడి రెక్కలాడించే రకం. పసుపురంగు కనిపిస్తుంది. దిగుతావు. పువ్వు నడుమ మెరిసే డాలు మీద కాలు పెడతావు. జారుతావు. చెప్పు లోపల పడతావు.

ఎగరబోతావు. గోడలు దగ్గర. రెక్కలు తగులుతున్నాయి. ఎక్కుతావు. జారుడు. మళ్లీ. జారుడు. పైన నోరు తెరిచే ఉంది, అంచు లోపలికి మడిచి ఉంది.

తేనె? చుక్క లేదు.

వెనక వెలుగు. అటు పోతావు. కాళ్లకు నూగు తగులుతుంది. పట్టు దొరికింది. నూగు నిచ్చెన. ఎక్కుతావు. ఇరుకు. ఇంకా ఇరుకు. నడుం ఇరుక్కుంది. తోస్తావు. వీపుకు ఏదో చల్లగా, బంకగా అంటుకుంది. తోస్తావు.

బయట.

వీపు మీద పుప్పొడి ముద్ద. అయినా కాయ పట్టలేదు. ఎందుకంటే ఆ ఇరుకు దారిలో ముందు వచ్చేది కీలాగ్రం, తరువాతే పుప్పొడి. నువ్వు ముందుదాన్ని ఒట్టి వీపుతో దాటావు. కాయ పట్టాలంటే నువ్వు ఇంకో పువ్వు మీద దిగాలి. మళ్లీ జారాలి. మళ్లీ పడాలి. ఒకసారి మోసపోయినవాడు రెండోసారి కూడా మోసపోతేనే ఈ మొక్కకు సంతానం.

బోర్నియోలో కినబాలు కొండ మీద ఉండే దీని చుట్టం రోత్స్‌చైల్డియానమ్ ఇంకా కఠినాత్మురాలు. దాని మీది మచ్చలు, నూగు చూసి పేనుబంక గుంపు అనుకుని ఈగ అక్కడే గుడ్లు పెడుతుంది, పిల్లలకు తిండి దొరుకుతుందని. పిల్లలు ఆకలికి చస్తాయి. ఆ పువ్వు 1880లలో విలాయత్‌కు చేరినప్పుడు, ఫ్రెడరిక్ శాండర్ అనే ఆర్కిడ్ల సేటు పోటీవాళ్లు అటు పోకుండా అది న్యూగినీది అని ప్రచారం చేశాడు. దశాబ్దాల పాటు జనం తప్పు దీవిలో వెతికారు. ఆయనే ఫెయిరియానమ్ అనే మరో చెప్పుపువ్వు మళ్లీ దొరికితే వెయ్యి పౌండ్లు ఇస్తానన్నాడు. 1857లో లండన్‌లో కనిపించి, కొన్నేళ్లకు కుండీల్లోంచి మాయమైన పువ్వది, అర్ధశతాబ్దానికి హిమాలయాల్లో దొరికింది. వియత్నామెన్సే అయితే 1999లో పేరు పెట్టించుకుంది, కొన్నేళ్లలోనే కొండల మీద దాదాపు కనిపించకుండా పోయింది. పేరు పెట్టడమే దాని మెడకు ఉరి.

"మీరు కొన్నరా సార్, ఎన్నడన్నా? అడవిది?"

సారు భూతద్దం తుడుచుకుంటాడు. చాలాసేపు తుడుచుకుంటాడు.

"రెండుసార్లు," అంటాడు.

ఎందుకింత మోజు? వరండాలో కూర్చుని నీకు నువ్వే అడుక్కుంటావు. గులాబీని కొమ్మ గుచ్చి వంద చేయొచ్చు. చాలా ఆర్కిడ్లను కణజాలం నుంచి లక్షల్లో చేస్తారు, పెళ్లిమండపాల్లో వేలాడేవి అవే. పాఫ్ దానికి లొంగదు. గింజ వెయ్యాలి, లేకుంటే మొలక విడదీయాలి. అందుకే ప్రతి మొక్కా ఒక మనిషిలా వేరు. నీ దగ్గరున్నది ఇంకొకడి దగ్గర లేదు. రోగం ఇక్కడుంది. పువ్వు అందం దాని తరువాతి మాట.

ఫోను మోగుతుంది. మెసేజు.

"సార్ మొక్క చేరిందా? ఇంకా పది క్లంపులు వస్తున్నయి. మీకైతే డిస్కౌంట్."

పది.

సారు చదివి ఫోను తిరిగి ఇస్తాడు. చట్టం సంగతి చెబుతాడు. 1972 వన్యప్రాణి చట్టంలో 1991లో మొక్కలను కూడా చేర్చారు. దేశం మొత్తానికి ఆరంటే ఆరు పేర్లు. అందులో చెప్పుపూల ఆర్కిడ్లు ఒకటి. 2022లో జాబితా మార్చారు, పెంచారు, చెప్పుపూలు అలాగే ఉన్నాయి. అడవిలో పీకడం నేరం. అమ్మడం నేరం. కొనడం నేరం. లైసెన్సు లేకుండా పెంచడం కూడా. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జుర్మానా. అడవిలో తవ్విన చెప్పుపూలను దేశాలు దాటించే వ్యాపారాన్ని 1990 నుంచే ప్రపంచ ఒప్పందం కింద ఆపేశారు.

"అంటే నేను..."

"నువ్వు. నేను. అందరం."

ఇప్పుడు నీ ముందు మూడు దార్లున్నాయి.

ఇంటికి పోవచ్చు. కూలరు ముందు పన్నెండో చెప్పు. ఎవరికి తెలుస్తుంది? సిరిసిల్లలో టేకు ఆకు, మోదుగాకు గుర్తుపట్టేవాళ్లుంటారు. దీన్ని ఎవరు గుర్తుపడతారు?

ఇక్కడే వదిలేయొచ్చు. సారు బతికిస్తాడు. నీ చేతులు కడుక్కోవచ్చు, సారువి మురికవుతాయి.

లేదా జగిత్యాల పోవచ్చు. జిల్లా అటవీశాఖ ఆఫీసు. మొక్క, డబ్బా, మలయాళం పేపరు, ఫోనులో మాటలు. పది క్లంపుల మెసేజు. అందులో నీ పేరు, నీ నంబరు, నువ్వు పంపిన ఆరువేల ఐదొందలు కూడా ఉంటాయి.

"ఐదింటికి ఆఫీసు బందయితది," అంటాడు సారు, గోడ గడియారం వైపు చూడకుండా.

మూడున్నర.

*

కోరుట్ల బస్టాండు. రెండు బస్సులు ఇంజను ఆపకుండా నిలబడి ఉన్నాయి. ఒకటి వచ్చిన దారినే వేములవాడకు. ఒకటి జగిత్యాలకు. కండక్టరు అరుస్తున్నాడు. "జైత్యాల్, జైత్యాల్, జైత్యాల్!"

వేర్లకు సారు కొత్తగా తడి గుడ్డ చుట్టాడు, వాన నీళ్లతో. డబ్బాకు పక్కల నాలుగు రంధ్రాలు పొడిచాడు. కాయ చుట్టూ దూది.

వేములవాడ బస్సు మెట్టు మీద కాలు పెడతావు.

తీస్తావు.

పరిగెత్తుతావు.

జగిత్యాల బస్సులో నిలబడే పోవాలి. డబ్బాను తలపైకి ఎత్తి పట్టుకున్నావు. చెయ్యి లాగుతోంది. మారుస్తావు. మళ్లీ లాగుతోంది. ఎవరో మోచేత్తో గుద్దుతారు. "జర చూసి అన్నా!" అని కసురుతావు. డబ్బా వైపు చూసి ఆ మనిషి నవ్వుతాడు. "చెప్పులకే గింతనా?"

చల్‌గల్ మార్కెట్ దగ్గర మామిడి లారీలు. బస్సు ఆగుతుంది. కదలదు. నాలుగు ఇరవై. పండిన మామిడి వాసన కిటికీలోంచి గుప్పుమంటోంది. నాలుగు ఇరవై ఐదు. డ్రైవరు హారను మీదే చెయ్యి. ఏదో లారీ వెనక్కి, ముందుకు. కదిలింది. ఆగింది. డబ్బా రంధ్రం దగ్గర చెవి పెడతావు, ఏం వినిపిస్తుందని? కాయ పగిలితే చప్పుడు వస్తుందా?

రాదు.

కదిలింది.

బస్టాండులో దిగి ఆటో. ఆటో వాడు మూడు మాటలడుగుతాడు, నువ్వు ఒకదానికే జవాబు చెబుతావు. నాలుగు యాభై. గేటు. మెట్లు. వరండాలో పట్టుబడ్డ టేకు దుంగలు పేర్చి ఉన్నాయి, కొసలకు ఎర్రరంగు అంకెలు. లోపల ఫ్యాను కింద ఒక బీటు ఆఫీసరు, వయసులో నీకంటే చిన్నవాడు, బ్యాగు సర్దుకుంటున్నాడు.

"ఏంది అన్నా?"

డబ్బా బల్ల మీద పెట్టి మూత తీస్తావు. గొంతు పెగలడం లేదు. అతను వంగి చూస్తాడు. మొక్కను, నిన్ను, మళ్లీ మొక్కను.

"టేకు దుంగలొస్తయ్. అడివిపంది మాంసమొస్తది. గిది నేనెన్నడు చూడలె."

చెబుతావు. పేరు చెబుతావు, మళ్లీ చెబుతావు, అక్షరం అక్షరం చెబుతావు. ఫోను ముందుకు జరుపుతావు. అతను మెసేజులు పైకి తోస్తూ చదువుతాడు. "ఫ్రెష్ జంగిల్ క్లంప్" దగ్గర వేలు ఆగుతుంది. తరువాత నీ జవాబు ఉంది కింద. "ఓకే, పంపు." అతను అది కూడా చదువుతాడు. బ్యాగు కింద పెట్టి, కుర్చీ లాక్కుని, తెల్లకాగితం తీస్తాడు.

"కూసో అన్నా."

కూర్చుంటావు. మోకాళ్లు వణుకుతున్నాయని అప్పుడు తెలుస్తుంది.

"ఈ కాయ?"

"అది బతికితే చాలు. పాలోడుల గింజలు సీసాల్లో మొలిపిస్తరు. కాయ పచ్చిగున్నప్పుడే పంపాలె. ఎండితే పగులుతది."

అతను డబ్బాను ఫ్యాను గాలి తగలకుండా గోడ వైపుకు జరుపుతాడు. నువ్వు చెప్పకుండానే. తరువాత పెన్ను క్యాపు తీస్తాడు.

"మొక్క పేరు రాసిన. సంఖ్య, నాలుగు మొలకలు, ఒక కాయ. నీ పేరు రాసిన. ఇగ, ఎక్కడిది?"

"అగస్త్యమల దిక్కు."

"దిక్కంటె ఎట్లన్నా? ఏ కొండ? ఏ బండ? మళ్ల అక్కడనే పెట్టాలంటె జాగ తెలవద్దా?"

అమ్మినవాడి నంబరు చూస్తావు. ఫోటో చూస్తావు. ఫోటోలో పువ్వు వెనక మసక మసకగా బూడిదరంగు రాయి, దాని మీద ఒక గడ్డిపోచ. అంతే.

పెన్ను కాగితం మీద ఆనించి అతను నీ వైపు చూస్తున్నాడు. సిరా చుక్క చిన్నగా వ్యాపిస్తోంది.